రెండింటికి

ఆస్పత్రిలో ఆమెను అందరూ దుప్పట్లక్క అంటారు. మూడంతస్తుల్లో ఏ మంచం మీద దుప్పటి మారాలన్నా, ఆపరేషన్ గదికి ఆకుపచ్చ గుడ్డలు వెళ్లాలన్నా ఆమె చేతి మీదుగానే వెళ్లాలి. గది తాళం తీసిన దగ్గర్నుంచీ కిటికీ దగ్గర ఒకటే గోల. "అక్కా, దిండు గలీబులేవీ?" "అక్కా, పిల్లల వార్డుకి పది తక్కువ పంపావ్." "అక్కా, ఈ మరక పోలేదు, చూడు." ఇంటికి వెళ్తే అత్తగారు. ఆవిడ కళ్లజోడు ఆవిడ నెత్తి మీదే ఉంటుంది, అది ఎక్కడుందో మాత్రం కోడలు చెప్పాలి. ఇక భర్త. ఉతికిన బనీను, ఊడిన బొత్తాం, పొద్దుటి మాత్ర వేసుకున్నాడో లేదో, అన్నీ ఆమెనే అడుగుతాడు. వేసుకున్న మాత్ర సంగతి పెళ్లాన్ని అడిగే మగవాడిని ఏమనాలో ఆమెకు ఇంకా తెలియదు.

నాలుగేళ్ల కిందట ఆమె పరుగు మొదలుపెట్టింది. ఆరోగ్యం కోసమని అందరికీ చెప్పింది. అది పచ్చి అబద్ధం. తెల్లవారుజామున బూట్లు కట్టుకుని వీధి చివర మలుపు దాటితే, గంటసేపు ఆమెను ఎవరూ ఏమీ అడగరు. అంతే సంగతి. పరిగెత్తే మనిషిని ఆపి గలీబులు అడిగే ధైర్యం ఇంతవరకూ ఎవరికీ రాలేదు. వెంట లెక్కల టీచరు ఒకావిడ వస్తుంది కానీ, ఆవిడ కూడా క్లాసులో అరిచీ అరిచీ గొంతు పోయిన మనిషే. ఇద్దరూ పక్కపక్కనే పరిగెత్తి, ఒక్క మాటైనా అనుకోకుండా విడిపోతారు. అంత మంచి స్నేహం ఆమెకు జన్మలో దొరకలేదు.

ఆ గంట ఇప్పుడు పోయేటట్టుంది. దానికి కారణం ఆమె చేతిరాతే.

ఏడాదికోసారి ఊళ్లో ఒకే రోజు రెండు పరుగు పందేలు పెడతారు. పేర్లు తీసుకోవడం శుక్రవారం మధ్యాహ్నం రెండు గంటలకు మొదలవుతుందని టీచరు మెసేజ్ పెట్టింది. మరిచిపోతానేమోనని ఆమె ఒక చీటీ రాసి ఫ్రిజ్ మీద అంటించింది: "శుక్రవారం రెండింటికి పేరు ఇవ్వాలి." ఆ శుక్రవారం ఆస్పత్రిలో బట్టలుతికే యంత్రం మొరాయించింది. చీకటి పడ్డాక ఈసురోమంటూ ఇంటికి వస్తే, భర్త రెండు కవర్లు చేత్తో పట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. పరీక్ష పాసైన పిల్లవాడి మొహం పెట్టాడు.

"రెండింటికీ ఇచ్చేశాను" అన్నాడు. "నీకు పది కిలోమీటర్లది. తర్వాత మనిద్దరికీ ఆ అయిదు కిలోమీటర్ల జంట పరుగు."

"జంట పరుగా?"

"నువ్వు రాసిందే కదా! రెండింటికీ ఇవ్వాలని."

ఆమె రాసింది గంట. ఆయన చదివింది పందేలు. ఆ మాట నోటి చివరి దాకా వచ్చింది. కానీ కవర్ల వెనక, గోడవారగా కొత్త బూట్ల పెట్టె కనిపించింది. ఇరవై ఆరేళ్ల కాపురంలో ఆ మనిషి తనంతట తాను వెళ్లి కొనుక్కున్న వస్తువు అదొక్కటే. ఆమె మాట మింగేసింది. 'రమ్మని పిలిచిందనుకున్నాడు పాపం. పిలవలేదని ఏ మొహం పెట్టుకుని చెప్పను?' అనుకుంది. ఆ రాత్రి వచ్చిన ఏడుపులో జాలి ఎంతో, కోపం ఎంతో ఆమెకే తేలలేదు. ఒకసారి జంటగా పరిగెత్తితే రేప్పొద్దున "నేనూ వస్తున్నా" అంటాడు. వీధి చివర మలుపు దగ్గరే మొదలవుతుంది, "ఏమే, నా మాత్ర..."

పందెం రోజు ఆరింటికి మొదటి పరుగు. నాలుగేళ్లుగా ఆమె పది కిలోమీటర్లను గంటలోపు ముగించాలని చూస్తోంది. ఆ రోజు ఒంట్లో ఆ సత్తా ఉందని రెండో కిలోమీటరుకే తెలిసిపోయింది. అయినా పగ్గం బిగించింది. ఇక్కడే ఒళ్లంతా ఊడ్చి పెట్టేస్తే ఆ తర్వాతి అయిదుకు ఏముంటుంది? ఆయన ఒక్కడే పరిగెడితే లెక్కలోకి రాదు. ఇద్దరూ గీత దాటితేనే జంట. నాలుగేళ్లలో మొదటిసారి టీచరు పరుగులో నోరు విప్పి, "ఏంటి, కాళ్లు దాచుకుంటున్నావా?" అంది. టీచరు ముందుకు వెళ్లిపోయింది. ఆవిడ గులాబీ రంగు చొక్కా మూల తిరిగి మాయమవుతుంటే ఆమెకు ఒళ్లు మండింది.

గంటా ఒక నిమిషం. గీత దాటి, ఒక ఇనుప కమ్మీని పట్టుకుని నిలబడిపోయింది. పిక్కలు రాళ్లయిపోయాయి. ఎవరో ఇచ్చిన అరటిపండు సగం తిని, మిగతా సగం ఏం చెయ్యాలో తోచక చేతిలోనే పట్టుకుంది. పందెం అయిపోయిన వాళ్లు నవ్వుతూ ఇళ్లకు పోతున్నారు. ఆ నిమిషంలో ఆమెకు కావలసింది నేల మీద ఇంత చోటు, దాని మీద ఒక దుప్పటి.

రెండో పరుగు ఏడున్నరకు. దానికి పావుగంట ముందు ఆయన వచ్చాడు. ఛాతీ మీద నంబరు స్కేలు పెట్టి కొలిచినట్టు తిన్నగా ఉంది. జేబులో ఎర్ర కలం ఉంది. ముప్పై ఏళ్లుగా ప్రెస్సులో ప్రూఫులు దిద్దే మనిషి ఆయన. కలం లేకుండా బయటికి రావడం ఆయన దృష్టిలో చొక్కా లేకుండా రావడం లాంటిది.

"అలిసిపోయావా?" అన్నాడు.

"లేదండీ" అంది.

"నేను ఆరు వారాల్నుంచీ ప్రాక్టీసు చేస్తున్నాలే. మధ్యాహ్నం అన్నాలప్పుడు, ప్రెస్సు గోడౌను చుట్టూ, పాత చెప్పులతో. బూట్లు ఇవాళ్టికని దాచాను. నీకు చెప్పలేదు."

ఇంకేముంది, ఆమె గుండె బరువు రెట్టింపైంది.

రెండో పరుగు మొదలైంది. కొత్తగా పెళ్లయిన జంటలు చేతులు పట్టుకుని పక్కనుంచి దూసుకుపోయాయి. పిల్లల బండి తోసుకుంటూ ఒక జంట కూడా దాటిపోయింది. ఆయన పరుగు ఆమె ఎన్నడూ చూడలేదు. మోచేతులు ఒంటికి అంటించుకుని, చిన్నచిన్న అడుగులు వేస్తూ, బస్సు కదిలిపోతుందేమోనన్న కంగారుతో పరిగెడుతున్నాడు. కానీ ఆగడం లేదు. ఆమె కాళ్లు మాత్రం ప్రతి అడుక్కీ అప్పగింతలు పెడుతున్నాయి. ఆస్పత్రిలో పొద్దుణ్నుంచి నిలబడ్డాక ఆఖరి గంటలో వచ్చే నొప్పి ఇప్పుడే వచ్చేసింది. ముందు మడమల్లో, తర్వాత మోకాళ్ల వెనక, తర్వాత ఎక్కడని చెప్పలేనట్టు ఒళ్లంతా.

మూడో కిలోమీటరు దగ్గర రోడ్డుకు అడ్డంగా ఒక గుడ్డ బ్యానరు కట్టారు. "పరుగుకు వచ్చిన అందరికి స్వాగతం." ఆయన చెమట కళ్లల్లోకి కారుతుంటే, ఊపిరి అందక నోరు తెరిచి, తల పైకెత్తి చూసి, "దీర్ఘం లేదు" అన్నాడు.

"ఏంటండీ?"

"అందరికీ అనాలి. దీర్ఘం... ఎగ్గొట్టారు."

ఆమె ఇంకో పది అడుగులు పరిగెత్తింది. తర్వాత నడకలోకి దిగింది. తర్వాత ఆగిపోయింది. ప్రాణం పోతున్నా రోడ్డు మీది బ్యానరులో దీర్ఘం లేదని పట్టుకున్న మనిషి, వంటింట్లో తీరిగ్గా నిలబడి, తన ఫ్రిజ్ మీద, తన పెళ్లాం రాసిన నాలుగు మాటలు తప్పు చదువుతాడా?

"ఏవండీ. ఆ చీటీలో నేను దీర్ఘం పెట్టానా?"

ఆయన కూడా ఆగాడు. నడుము మీద చేతులు పెట్టుకుని రోడ్డు వంక చూశాడు.

"లేదు" అన్నాడు. "రెండింటికి అనే రాశావు. మధ్యాహ్నం రెండింటికి. నాకు తెలుసు."

"మరి?"

"దీర్ఘం నేనే పెట్టుకున్నాను."

ఆమెకు కోపం మామూలుగా రాలేదు. ఈయనగారి మనసు నొచ్చుకుంటుందని ఆరు వారాలు నోరు కట్టేసుకుంది. పొద్దున్నే ఒళ్లు దాచుకుని, చేతికందిన గంటను ఒక్క నిమిషం తేడాతో పోగొట్టుకుంది. ఇంతా చేస్తే ఇదొక నాటకం!

"అడగొచ్చుగా!" అంది. గొంతు పెద్దదైంది. పక్కనే మంచినీళ్లు ఇచ్చే బల్ల దగ్గరున్న ఇద్దరు ఇటు తిరిగి చూశారు.

"అడిగితే వద్దంటావు."

"వద్దనే అంటాను!" అనేసింది. అబద్ధం ఆడేందుకు కూడా ఓపిక కావాలి, అది అయిపోయింది. "ఆ ఒక్క గంటా నాదండీ. ఆ గంటలో నన్నెవరూ ఏదీ అడగరు. ఆస్పత్రి వాళ్లు అడగరు, అత్తయ్య అడగరు, మీరు అడగరు. ఆరోగ్యమూ లేదు, నా మొహమూ లేదు. అందుకే పరిగెడుతున్నా."

ఆయన చొక్కా భుజంతో మొహం తుడుచుకున్నాడు.

"నువ్వు పరిగెత్తి వచ్చాక నీ మొహం బాగుంటుంది" అన్నాడు చివరికి. "గుమ్మంలో బూట్లు విప్పుకుంటావు చూడు, అప్పుడు. లోపలికి వచ్చి అమ్మతో మాట్లాడేసరికి పోతుంది. మాకు ఆ మొహం ఎప్పుడూ దొరకదు. ఎక్కణ్నుంచి తెచ్చుకుంటున్నావో చూద్దామనిపించింది. అంతే."

తిట్టడానికి తెచ్చిపెట్టుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. కానీ కోపం పోలేదు. అలసట అసలే పోలేదు.

"సరే పదండి" అంది. "ఇంకా రెండు కిలోమీటర్లుంది."

"నేను ఏమీ అడగను" అన్నాడు. "వెనకాల వస్తాను."

నిజంగానే వెనకాల వచ్చాడు. నాలుగడుగుల దూరంలో ఆయన బూట్ల చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. వంతెన దగ్గర రోడ్డు రెండుగా చీలింది. దారి చూపే బాణం గుర్తు సగం చెరిగిపోయింది. "ఎటు?" అంటాడని ఆమె ఎదురుచూసింది. అనలేదు. ఇంకో నీళ్ల బల్ల వచ్చింది. "తాగనా, వద్దా?" అంటాడనుకుంది. ఇంట్లో అయితే అదీ అడుగుతాడు. అనలేదు. ఆమె మలుపు తిరిగితే తిరిగాడు, నడిస్తే నడిచాడు, పరిగెత్తితే పరిగెత్తాడు. కిలోమీటరు దాటిపోయింది. ఆమెకు కావలసింది ఇదే. ఎవరూ ఏమీ అడగని రోడ్డు. కానీ ఈ నిశ్శబ్దం రోజూ దొరికే నిశ్శబ్దంలా లేదు. రోజూ ఉండే నిశ్శబ్దంలో ఆమె కోసం మాట ఆపుకునేవాళ్లు ఎవరూ ఉండరు.

కాసేపటికి చప్పుడు మారింది. ఒక అడుగు గట్టిగా, ఒక అడుగు మెత్తగా పడుతోంది. ఆమె ఇంక ఉండబట్టలేక తిరిగి చూసింది. ఆయన ఎడమ కాలు ఈడుస్తున్నాడు. మడమ దగ్గర తెల్లటి మేజోడు ఎర్రగా తడిసి ఉంది. మరకల సంగతి ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అంచులు ఎండి, నల్లబడి ఉన్నాయంటే అది ఇప్పటి రక్తం కాదు. మొదటి కిలోమీటరులోనే కొత్త బూటు చర్మం ఒలిచేసి ఉంటుంది. బనీను గురించి అడిగే మనిషి, బొత్తాం గురించి అడిగే మనిషి, దీని గురించి నోరు మెదపలేదు.

రోజుకు వందసార్లు ఆమెను అడుగుతారు. ఆమె వందసార్లు జవాబు చెబుతుంది. తను ఈ మనిషిని ఏదైనా అడిగి ఎంత కాలమైందో గుర్తు చేసుకోబోయింది. గుర్తు రాలేదు. ప్రెస్సులో ఆయనతో ఎవరైనా మాట్లాడతారా, అన్నం ఎవరితో కూర్చుని తింటాడు, గోడౌను చుట్టూ ఒక్కడే పరిగెడుతుంటే చూసి నవ్వారా, ఇవేవీ ఆమెకు తెలియవు. ఆమెకు తనమీద తనకే సిగ్గేసింది.

ముగింపు గీత కనిపిస్తోంది. అక్కడి నుంచి ఎవరో చప్పట్లు కొట్టి రమ్మంటున్నారు. ఆమె ఆగి, ఆయన దగ్గరికి వచ్చేదాకా నిలబడింది.

"నొప్పిగా ఉందా?" అని అడిగింది.

ఆయన టక్కున ఆగిపోయాడు. ముందు వెనక్కి తిరిగి రోడ్డు చూశాడు. అక్కడ ఎవరూ లేరు. తర్వాత ఆమె వైపు తిరిగాడు.

"నన్నేనా?" అన్నాడు.