కళ్ళు తిరిగి

"ఇరవై ఏళ్ళ నుంచీ నర్సుగా సూదులు గుచ్చుతూనే ఉన్నావు, దానికి మళ్ళీ డాక్టరేట్ ఎందుకు?" అంటూ ఏడాదిగా వేళాకోళమాడిన భర్తే ఆ ఉదయం తనే కాఫీ కలిపి తెచ్చాడు. కప్పు పక్కన ఒక కాగితం పెట్టాడు. చదువు మానేస్తున్నానంటూ యూనివర్సిటీకి లేఖ. టైపు చేయించేశాడు, ఆమె సంతకం ఒక్కటే తక్కువ. పెళ్ళయ్యాక అతను కాఫీ కలపడం ఇది రెండోసారి. మొదటిసారి, అమ్మ ఇక మన దగ్గరే ఉంటుందని చెప్పిన రోజు. అందుకే ఆమె కప్పు ముట్టుకోలేదు.

"మొన్న ఆదివారం అమ్మ మూడోసారి పడింది. నువ్వు క్లాసులంటూ తిరుగు, ఆవిడ ఇక్కడ కళ్ళు తిరిగి పడుతుంటుంది. తుంటి విరిగితే ఎవరిదే బాధ్యత?"

కళ్ళు తిరిగి. ఆ మాట పంట్లో ఇరుక్కున్న పీచులా ఆమెను వదల్లేదు. ఆస్పత్రిలో ఆమె వార్డు రిజిస్టర్లో, పడిపోయిన ప్రతి రోగి పేరు పక్కనా అదే మాట. ఆమె పరిశోధన మొదలైందే అక్కడ. "సూది వెయ్యడం నీకెప్పుడో వచ్చు. అందరూ అంతేలే అని వదిలేసినదాన్ని ఎందుకని అడగడానికీ, మార్చి చూపించడానికీ, వెనక వచ్చేవాళ్ళకి నేర్పడానికీ ఈ చదువు," అని చేరిన రోజే చెప్పింది పరిశోధన గైడు మేడమ్. రోగుల్ని అడిగితే తేలింది: చాలామందికి కళ్ళు తిరగనే లేదు. బెల్లు కొట్టీ కొట్టీ, ఎవరూ రాక, తామే లేచి పడ్డారు.

అతను ఆఫీసుకి వెళ్ళాక అత్తగారి మంచం పక్కన కూర్చుని, రోగుల్ని అడిగినట్టే అడిగింది.

"పడేముందు ఎవర్నయినా పిలిచారా అత్తయ్యా?"

ఆవిడ దుప్పటి అంచు మడతలు పెట్టింది. "పిలవకేం? వాడు మ్యాచ్ చూస్తున్నాడు. వస్తున్నా వస్తున్నా అంటాడు. ఎంతసేపని ఆపుకోను?"

"మూడుసార్లూ అంతేనా?"

"కళ్ళు తిరిగాయని చెప్పమన్నది వాడేనమ్మాయ్. ఇంట్లో గొడవెందుకని నేనూ..."

సాయంత్రం ఆమె కాలింగ్ బెల్లు కొనుక్కొచ్చింది. మీట అత్తగారి దిండు పక్కన. మోగే డబ్బా టీవీ పైన.

"ఇక్కడెందుకు? వంటింట్లో పెట్టు, నీకు వినబడుతుంది," అన్నాడు భర్త.

"ఆదివారం నేను వంటింట్లో ఉండనుగా. క్లాసుంది."

"మరి ఆ లేఖ?"

"వెనకవైపు ఖాళీగా ఉంటే రాసుకున్నాను."

తిప్పి చూశాడు. మూడు తేదీలు. మూడు వేళలు. 'ఎవరిని పిలిచారు' అన్నచోట మూడుసార్లూ ఒకే మాట: కొడుకుని.

అప్పుడే టీవీ పైన బెల్లు మోగింది. అతను అలవాటుగా ఆమె వైపు చూశాడు.

ఆమె పుస్తకం తెరిచి, కుర్చీలో ఇంకాస్త వెనక్కి జారగిలబడింది.