తలుపు తీసినావిడ

నాలుగోసారి కూడా ఆ వాక్యం నాకు ఎక్కలేదు. పొయ్యి మీద పాలు, గట్టు మీద అట్ట ఊడిన నవల, మధ్యలో నేను. "ఆమె కిటికీ తెరిచింది" అని చదివాను. ఎవరామె? పేజీ వెనక్కి తిప్పబోతే, "అమ్మాయ్, నా కళ్ళజోడు కనబడ్డం లేదే!" అని అత్తయ్య కేక. వెతికి ఇచ్చొచ్చాను. మళ్ళీ ఆమె కిటికీ తెరిచింది. మళ్ళీ ఎవరామె? చదువుతూ చదువుతూ దిగాల్సిన స్టాపు దాటి బస్సులో ఊరి చివరిదాకా పోయిన మనిషిని నేను. ఇప్పుడు నెలల తరబడి అదే పేజీలో ఉన్నాను. భయమేసింది.

ఎందుకంటే అమ్మకి ఇలాగే మొదలైంది. రోజూ సాయంత్రం అదే పుస్తకం, అదే పేజీ, అదే చోట అదే నవ్వు. మేమూ ఆమెతోపాటు నవ్వేవాళ్ళం, ఎంత ఇష్టమో ఆ కథంటే అనుకుని. చివరికి ఒకరోజు నన్ను చూసి, "మీరెవరండీ?" అని ఎంతో మర్యాదగా అడిగింది. ఆ 'అండీ' ఇప్పటికీ నా గుండెల్లో కలుక్కుమంటూనే ఉంటుంది.

"ఇస్త్రీ బట్టలు తేవడం మర్చిపోయావు, పుస్తకం పట్టుకుని శూన్యంలోకి చూస్తున్నావు. మీ అమ్మ పోలికలు మొదలైనట్టున్నాయోయ్," అన్నారు మా ఆయన, సాక్సులు వెతుక్కుంటూ. నవ్వుతూనే అన్నారు. "ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా? ఆ తల్లీ పుస్తకాల పురుగేగా," అని అత్తయ్య అందుకున్నారు. ఆ సాక్సులు ఎక్కడున్నాయో చెప్పింది నేనే. ఆవిడ మాత్రలు ఏ పూట ఏవో, అమ్మాయి పరీక్షలు ఎప్పుడో, ఆఫీసులో ఎవరి టీలో పంచదార వద్దో, అన్నీ నాకే గుర్తుండాలి. మా సెక్షన్‌లో అందరివీ ఒకే ఉద్యోగాలు. టీ సంగతి మాత్రం, "మీ ఆడవాళ్ళయితే శుభ్రంగా చూస్తారు," అని నాకు వదిలేశారు. ఇంతా చేసి మతిమరుపు మనిషిని నేను! కానీ వెటకారం భయాన్ని ఆపలేదు. గిన్నెలు తోముతూ చుట్టాల పేర్లు వరసగా అప్పజెప్పుకునేదాన్ని. ఒక్క పేరు తట్టకపోతే మళ్ళీ మొదట్నుంచీ మొదలుపెట్టేదాన్ని. నా కూతుర్ని 'అండీ' అని పిలిచే రోజు ఎంత దూరంలో ఉందో అని భయపడేదాన్ని.

చివరికి ఆయనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఆ బిల్డింగు కింద అంతస్తులో ఒక గ్రంథాలయం, ఫ్యాను కింద ఖాళీ కుర్చీలు. అటు చూడకుండా గబగబా మెట్లెక్కేశాను. డాక్టరమ్మ ఆయన్ని బయటే కూర్చోమంది. నా ఫోను ఆయన చేతికి ఇప్పించింది. తలుపు మూసి ఒక కాగితం నా ముందు పెట్టింది.

"చదవండి. తర్వాత ప్రశ్నలడుగుతాను."

అక్షరాలు ముందు చీమల్లా కదిలాయి. తర్వాత నిలబడ్డాయి. వానలో ఒకావిడ ఇంటికొచ్చి చూసుకుంటే తాళంచెవి లేదు. మెట్లన్నీ వెతికింది, సంచీ బోర్లించింది. ఎదురింటి తలుపు కొట్టింది. తలుపు తీసినావిడ చేతిలో అదే తాళంచెవి ఉంది. గబుక్కున కాగితం తిరగేశాను. వెనక ఏమీ లేదు.

డాక్టరమ్మ ప్రశ్నలు వేసింది. సంచీ రంగు, వాన ఎప్పుడు మొదలైంది, ఎదురింటి గుమ్మంలో ఏముంది. అన్నీ చెప్పాను. చెబుతూనే ఆగలేక అడిగేశాను.

"తర్వాతేమయిందండీ? ఆ తాళంచెవి ఆవిడకెలా వచ్చింది?"

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టి నవ్వింది. "తెలీదమ్మా, పరీక్ష కోసం రాసింది అంతవరకే. ఈ ప్రశ్న ఇంతవరకూ నన్నెవరూ అడగలేదు. మీ మతికేం ఢోకా లేదు. సరే గానీ, మధ్యలో ఎవరూ పిలవకుండా మీరు ఇంతసేపు చదివింది కిందటిసారి ఎప్పుడు?"

ఎంత ఆలోచించినా, అదొక్కటే నాకు గుర్తు రాలేదు. ఏడుపొచ్చేసింది. ఆ ఏడుపులోనూ ఆ తాళంచెవే కళ్ళ ముందు ఆడుతోంది. ఎన్నేళ్ళయిందో ఇలా ఒక కథ నన్ను పట్టుకుని!

బయటికి రాగానే ఆయన లేచారు. "ఏమంది? నేను చెప్పలా?" చేతిలో నా ఫోను అప్పటికే మోగుతోంది, అత్తయ్య. ఏం లేదట అన్నానంటే ఇంటికెళ్ళి మళ్ళీ ఆ పాలగిన్నె ముందు, ఆ పేజీలోనే నిలబడాలి. ఈయనతో ఎప్పుడూ అబద్ధమాడలేదు. తెలిస్తే ఏమంటారో తెలుసు.

"చికిత్స మొదలుపెట్టాలి. వారానికి రెండు సాయంత్రాలు, ఈ బిల్డింగులోనే," అన్నాను. "నేనొక్కదాన్నే రావాలి. ఫోను ఉండకూడదు."

ఆయన మొహం పాలిపోయింది. నా భుజం మీద చెయ్యి వేశారు. "ఎన్నాళ్ళట?"

గ్రంథాలయం తలుపు ఇంకా తెరిచే ఉందేమోనని మెట్ల మీంచి కిందికి చూశాను.

"ఇది తగ్గే జబ్బు కాదండీ," అన్నాను. "బతికున్నంతకాలం."