రెండు పాటల ఆకుపిట్ట

ఆకుపిట్టల్లో రెండు రకాలున్నాయి. రెండూ ఆకుపచ్చగా, బొటనవేలంత ఉంటాయి; పక్కపక్కన పెడితే కన్నతల్లి కూడా పోల్చుకోలేదు. తేడా దాదాపు అంతా పాటలోనే. టిక్‌టిక్‌మంటూ ఒకే ముక్క తిప్పితిప్పి పాడేది ఎక్కడ చూసినా ఉంటుంది. పైనుంచి కిందికి జారుతూ పాడేది మాత్రం ఏటికేడు తగ్గిపోయి, కాపాడాల్సిన పిట్టల జాబితాకెక్కింది.

పాత నీళ్ల ట్యాంకు వెనక షెడ్డు కట్టే ముందు, అక్కడి పొదల్లో ఉన్నది ఏదో తేల్చమని పిట్టల సర్వే చేసే ఆమెను పంపారు. జారుడు పాటదైతే అక్కడ షెడ్డు కట్టకూడదు.

ఆమె పొద్దున్నే వెళ్లి చెవులు రిక్కించింది. టిక్‌టిక్. ‘హమ్మయ్య, మామూలుదే’ అనుకుని రాయబోయింది. అదే కొమ్మ మీద, అదే పిట్ట, జారుడు పాట అందుకుంది. మళ్లీ టిక్‌టిక్. ఆమె కలం గాల్లోనే ఆగిపోయింది.

రికార్డు చేసి తెచ్చి, సంగీతం చెప్పే పిన్నికి వినిపించింది.

“రెండు పిట్టలు కదూ పిన్నీ?”

“కాదే. ఊపిరి తీసుకునే చోటు విను. గొంతు ఒక్కటే.”

“మరి ఏ రకం?”

“పాట గురించి అడుగు, చెప్తాను. దాని పుట్టుపూర్వోత్తరాలు నన్నడిగితే ఎలా?”

మర్నాడు వల వేసి పట్టుకుంది. రెక్క కొలిస్తే రెండు రకాలకీ సరిపోయే కొలతే వచ్చింది. చేత పట్టుకుని చూస్తేనే తెలిసే సన్నని తేడా ఇంకొకటుంది: కాళ్లు నల్లగా ఉంటే మామూలుది, లేతరంగైతే అరుదైనది. దీని కాళ్లేమో నల్లనివీ కావు, లేతవీ కావు. వలలో ఊడిన ఈకను కవర్లో వేసుకుని పిట్టను వదిలేసింది.

షెడ్డు కట్టించే ఇంజినీరు ఫోన్ చేశాడు. “ఏ పిట్టో చెప్పండి మేడమ్, పనివాళ్లు ఖాళీగా కూర్చున్నారు.”

“తెలియట్లేదండీ.”

“తెలుసుకోవడానికే కదా మిమ్మల్ని పంపింది!”

మామూలుదని రాస్తే గూడు పోతుందేమో, అరుదైనదని రాస్తే అబద్ధమవుతుందేమో. చివరికి ‘తెలియలేదు’ అని రాసి సంతకం పెట్టింది.

ఈక జన్యు పరీక్షకు ఆరు వారాలు పట్టింది. అందాకా పని ఆపారు. తల్లి అరుదైనది, తండ్రి మామూలుది అని తేలింది. ఆ కాగితం పట్టుకుని ఆమె పై అధికారి గదికి పరుగెత్తింది. ఆయన రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

“అయితే దీన్ని ఏ జాబితాలో వేద్దామమ్మా?”

“మీరు చెప్తారనే వచ్చాను సార్.”

ఆయన కళ్లజోడు పెట్టుకుని, షెడ్డును అవతలి పక్కకు జరపమని రాశాడు.

“ఎందుకని అడిగితే?”

“అరుదైన తల్లి ఆ దరిదాపుల్లోనే ఉండి ఉంటుందని చెప్పు.”

అది కారణమో సాకో ఆమెకు అర్థం కాలేదు. అయినా సంతోషమేసింది.