ఖంగుమన్న గిన్నె

కొండ కింద ఆ ఊరి పెద్దరికం లియాంగ్ వెన్‌కుయ్‌కి తాత తండ్రుల నుంచి పాత దుప్పటిలా దిగివచ్చింది. ఊరుమ్మడి గాడిద ఆయన తిరగలి చుట్టూనే తిరిగేది. ఆయనకు వంగి దండం పెట్టనివాడి కొర్రలు ఆ ఏడు పిండి కావంతే.

జపాన్ వాళ్ళతో యుద్ధం నడుస్తున్న రోజుల్లో జిల్లా నుంచి ఒక అధికారి దిగి, ఇకమీదట పెద్దను ఊరే ఎన్నుకోవాలన్నాడు. చేతులెత్తడమైతే లియాంగ్‌కు దిగులే లేదు. ఆయన కళ్ళెదుట ఎత్తకుండా ఆగే చెయ్యి ఆ ఊళ్ళో ఇంకా పుట్టలేదు. కానీ అక్షరమ్ముక్క రాని ఊరాయె, తలా ఒక సోయా గింజ ఇస్తారట. పోటీలో ఉన్నవాళ్ళు గోడవైపు తిరిగి కూర్చోవాలి. నచ్చినవాళ్ళ వీపు వెనకున్న గిన్నెలో గింజ వెయ్యాలి.

"వెనక్కి తిరిగి చూడకూడదు," అన్నాడు అధికారి.

'చూడొద్దన్నాడు గాని వినొద్దనలేదుగా' అనుకున్నాడు లియాంగ్. ఇంటి నుంచి రాగిగిన్నె తెచ్చి పెట్టించుకున్నాడు. పోటీకి దిగిన శ్వేలాన్ అనే వితంతువుకి మట్టి మూకుడే గతి. గడపగడపకూ తిరిగి ముందే చెప్పొచ్చాడు కూడా: "నా గిన్నె ఖంగుమనాలి. మోగలేదో, మీ కొర్రలు మీరే నమిలి మింగండి."

ఎన్నిక మొదలైంది. ఖంగు! ఆ దగ్గు తియెన్ అవ్వది. ఖంగు! ఆ ఈడ్పు నడక కుంటి కుమ్మరిది. లియాంగ్ సొంత భార్య వచ్చినప్పుడైతే గిన్నె ఊరంతా వినబడేలా మోగింది. మూకుడు మాత్రం కిక్కురుమనలేదు. లియాంగ్‌కు జాలేసింది.

"అమ్మాయ్, గోడ చూసి చూసి మెడ పట్టిందేమో, ఇంటికెళ్ళి గంజి కాచుకోరాదూ?"

"ఉంటాలే మామా. గోడ బాగానే ఉంది."

చివరికి ఇద్దర్నీ వెనక్కి తిరగమన్నారు. మూకుడు నిండా గింజలు. రాగిగిన్నెలో ఒక్కటే ఉంది, అది గోడవైపు తిరగబోయే ముందు ఆయన వేసుకున్నదే. లియాంగ్ భార్యకేసి చూశాడు. ఆవిడ ఆకాశంకేసి చూస్తోంది.

"దొంగల్లారా! అందరూ మోగించారు కదరా!"

"గిన్నె మోగాలన్నావు, మోగించాం నాయనా," అంది తియెన్ అవ్వ. "గోటితో ఎంత గట్టిగా కొట్టానో, వేలు వాచింది చూడు. గింజ వెయ్యమని ఒక్కమాటన్నా అన్నావా?"

ఊరు ఊరంతా పగలబడి నవ్వింది. శ్వేలాన్ లేచి మొట్టమొదట గాడిదను విప్పించింది. లియాంగ్ తల వంచుకుని రాగిగిన్నె చంకన పెట్టుకోబోయాడు.

"అదిక్కడే ఉండనీ మామా," అంది శ్వేలాన్. దాన్ని చేతిలోకి తీసుకుని, గోటితో ఒకసారి కొట్టి, చెవి దగ్గర పెట్టుకుంది. "వచ్చే ఎన్నికలకి నాకు కావాలి."

నవ్వులు ఆగిపోయాయి. తియెన్ అవ్వ వాచిన వేలిని ఊదుకుంటూ, "దీనికి మళ్ళీ పని పడేట్టుందర్రా," అంది.