రెండు వేళ్ల ఖాళీ

స్టీరింగు తిప్పితే... ముందు ఏమీ జరగదు.

రెండు వేళ్ల వెడల్పు ఖాళీ. చేతులు తిరుగుతాయి, జీపు తిరగదు. కింద ఎక్కడో టక్కుమంటుంది — అప్పుడు బయల్దేరుతుంది, ఇష్టం లేని పెళ్లికి వెళ్తున్నట్టు.

ఎవాంజెలిన్ చేతులకు ఆ ఖాళీ తెలుసు. మలుపు రాకముందే తిప్పడం తెలుసు. ఈ పాత ఫోర్ వీల్ డ్రైవ్ జీపులోనే నాన్న దేవరాజు ఆమెకు బండి నేర్పాడు. పక్క సీట్లో కూర్చుని, కుడిచెయ్యి చాపి, స్టీరింగు కింది అంచు పట్టుకునేవాడు.

"జర ముందుగాల్నే తిప్పు బిడ్డా. అది నిదానంగ ఇంటది."

నిదానంగా వింటూనే వచ్చింది. ఏళ్లు గడిచేకొద్దీ ఇంకా నిదానంగా.

ఆమె నర్సయింది. సైమన్‌ను పెళ్లాడింది. నాన్నకు చూపు మసకబారింది. తాళంచెవి కూతురి చేతిలో పెట్టి, లింగంపల్లిలో వాళ్లింటికి వచ్చేశాడు. వెంట జీపూ వచ్చింది — గేటు పక్కన, గానుగ చెట్టు కింద చేరి, అల్లుడింటికి వచ్చిన అత్తగారిలా ఉన్నదానికీ లేనిదానికీ గట్టిగా మాట్లాడుతూ. సైమన్‌కి అదంటే ముద్దే. పైకి మాత్రం విసుక్కునేవాడు.

పోయిన వారం తెల్లాపూర్ దారిలో గాలి వీచింది.

పెద్ద గాలి కూడా కాదు. జీపు పక్కకు జరిగింది... పక్కన స్కూటర్. స్కూటర్ మీద తల్లి, ముందు నిలబడ్డ పిల్ల... వెంట్రుకవాసిలో తప్పింది. ఎవాంజెలిన్ బండి ఆపి, చాలాసేపు తన చేతులు చూసుకుంది.

సైమన్ కోప్పడలేదు. కోప్పడితే బావుండేది.

"నాకూ ఇష్టమేనండి మావయ్యగారూ ఆ బండంటే. కానీ దానికంటే ఈవిడంటే ఎక్కువ ఇష్టం," అన్నాడు. సోమవారం పొద్దున వచ్చి తీసుకెళ్లమని తుక్కు కొనేవాళ్లకు ఫోన్ చేశాడు.

మధ్యలో మిగిలింది ఆదివారం.

ఆదివారం దేవరాజు పానా పట్టడు. మేకు కొట్టకూడదు, బల్బు మార్చకూడదు. కుళాయి కారితే బకెట్ పెట్టుకోవాలి. అది ఆయన చట్టం. పెళ్లయిన కొత్తలో ఒక ఆదివారం మావగారింట్లో ఫ్యాన్ విప్పిన పాపానికి, సైమన్ మధ్యాహ్నమంతా భోజనంతో పాటు ఆయన మౌనం కూడా తిన్నాడు.

ఆ ఆదివారం చర్చిలో ఆరాధన ముగించుకుని ఇంటికొచ్చారు. దేవరాజు ఇంట్లోకి పోలేదు. జీపు చుట్టూ తిరిగాడు, చేత్తో తడుముకుంటూ... బానెట్ మీద రాలిన గానుగ పూలు అరచేతికి అంటుకున్నాయి. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా విప్పి, సైడు అద్దానికి తగిలించాడు.

"జాకీ తియ్యి బిడ్డా."

అంతే. ప్రభువుతో ఏం మాట్లాడుకున్నాడో ఆయనకే తెలియాలి.

స్టీరింగు కడ్డీలకు కొత్త రబ్బరు బుష్‌లు ఎవాంజెలిన్ శనివారమే కొని, ఎవరికీ చెప్పకుండా సీటు కింద దాచింది. నాన్న ఒప్పుకుంటాడన్న నమ్మకం లేదు. అయినా కొంది.

కిందకు దూరింది.

కడ్డీల చివర్లలో, గుప్పెట్లో ఇమిడే రబ్బరు ముక్కలు. చేతుల మాట చక్రాలకు చేర్చేవి అవే. ఊళ్లోని గుంతలన్నీ మోసి మోసి నలిగిపోయాయి. వేలు పెడితే పొడి రాలింది. పాపం అనిపించింది ఆమెకు — రబ్బరు మీద జాలేమిటి అని తననే తిట్టుకుంది.

కడ్డీలు ఊడదీసి, ఇనప వైస్‌లో బిగించి పాతవాటిని బయటికి నెట్టింది. సబ్బునీళ్లు రాసి కొత్తవి జొనిపింది. నర్సు చేతులు... తొందరపడవు. నాన్న బోల్టులు వేళ్లతో తడిమి, సైజు చూసి అందించాడు. ఎవరూ పిలవకుండానే సైమన్ వచ్చి టార్చి పట్టుకున్నాడు. ఆమె జుట్టులోకి ఒక పువ్వు రాలింది.

"బిగించు ఇగ. గట్టిగ బిగించు, పొద్దువోతుంది," అన్నాడు నాన్న. ఆదివారం ఆయన వీపు మీద బరువుగా ఉన్నట్టుంది.

ఆమె బిగించలేదు.

"కిందికి దించినంక డాడీ. బండి తన బరువు మీద నిలవడ్డంకనే బిగించాలె. గాల్లో ఉండంగ బిగిస్తే రబ్బరు మెలివడి చినుగుతది. నువ్వే చెప్పినవ్."

నాన్న చక్రం పక్కకు వంగాడు.

"నేనే చెప్పిన్నా?" తర్వాత నవ్వాడు. "మంచిగ చెప్పిన."

జాకీ దించారు. జీపు తన బరువుతో నేల మీద నిలబడింది. అప్పుడు బిగించింది.

సాయంత్రం. తెల్లాపూర్ దారి. నాన్న తెల్లచొక్కా తొడుక్కుని పక్కన. వెనక సైమన్, చేతిలో ఫోను — తుక్కువాళ్లకు ఏదో ఒకటి చెప్పాలి.

మొదటి మలుపు. ఆమె చేతులు ముందుగానే తిరిగాయి.

జీపు వెంటనే విన్నది.

చటుక్కున పక్కకు దూకింది. నాన్న కుడిచెయ్యి వచ్చి స్టీరింగు కింది అంచు పట్టుకుంది... ఇన్నేళ్ల తర్వాత. కళ్లకు కనిపించనిది ఆ చేతికి ఎలా కనిపించిందో!

"ఇంకా అలాగే పోతోందండీ." సైమన్ గొంతు చిన్నదైంది.

"బండి మంచిగనే ఉన్నది అల్లుడా. చేతులకు అలవాటు పోలే." కూతురి వైపు తిరిగాడు. "ముందుగాల తిప్పకు బిడ్డా. ఇగ అది ఇంటున్నది."

ఆమె పట్టు వదులు చేసింది.

వేళ్లు ఆ ఖాళీ కోసం వెతికాయి. లేదు. టక్కుమనే చప్పుడూ లేదు. గాలి వీచింది — బానెట్ మీది గానుగ పూలు ఎగిరిపోయాయి, జీపు మాత్రం తన దారిన తను పోయింది.

ఆమెకు ఏడుపొచ్చింది. సంతోషమే... సంతోషం ఒక్కటే కాదు. నాన్న చెయ్యి ఇన్నాళ్లూ ఉన్నది ఆ ఖాళీలోనే.

వెనక ఫోన్ మోగింది. సైమన్ చూశాడు — తుక్కువాళ్లే. మోగనిచ్చాడు.

"ఇంకొంచెం దూరం పోనీ," అన్నాడు. "చూద్దాం."

నాన్న చెయ్యి వెనక్కి తీసుకుని మోకాలి మీద పెట్టుకున్నాడు. మసకలోనూ ఆయనకు ఆ దారి తెలుసు.

ముందు ఇంకో మలుపు. ఆమె తిప్పకుండా ఆగింది... ఇంకా ఆగింది...

పక్కన, మోకాలి మీద, నాన్న వేళ్లు అప్పుడే తిరిగాయి.

కొంచెం ముందుగానే.