పగ్గం కట్టిన బిందె

తెల్లారగానే దాసమ్మ బిందెకు కట్టిన పగ్గం చూసుకుంటుంది. నాగలమడిక దగ్గర ఏటి ఇసకలో చెలమ తోడి తెచ్చిన నీళ్లు ఉన్నచోట ఉండవు. వాటికి ఏరు గుర్తొస్తుంది. బిందెతో సహా గడప దాటి, ఇసక వైపు మెల్లగా జరుగుతూ పోతాయి. అందుకే ఆ వీధిలో ప్రతి ఇంట్లోనూ బిందె పక్కన ఒక గుంజ. మేకలు అమ్మేశాక మిగిలిన పగ్గాలు ఇట్లా పనికొచ్చాయి. ముడి బిగువుగా ఉందనిపిస్తే దాసమ్మ బస్సెక్కి, వల్లూరులో సోలార్ పలకలు కడగడానికి పోతుంది.

ఆ ఎండాకాలం పగ్గం వదులైంది. బిందె కదల్లేదు. నీళ్లు వాసన కొట్టాయి. దాసమ్మ పోయి చూస్తే చెలమకు ఎగువన ఇసక నల్లగా తడిసి ఉంది, పక్కనే టైర్ల గుర్తులు. ఎవరివో అడగాల్సిన పనిలేదు. తమ్ముడు గిరీశ్ పావగడలో కక్కసు గుంతలు తోడే ట్యాంకర్ నడుపుతాడు.

"టౌన్ బయట శుద్ధి చేసే చోటుండాది కదరా, ఆడ పోసేదానికేం రోగం?"

"ఆడ లైన్లో నిలబడితే పొద్దు గూకుతాదిక్కా. ఇసకలో అయితే ఇంకిపోతాది. నువ్వూ ఫిల్టర్ నీళ్లు తెచ్చుకో. నేనెప్పుడో గుంజ పీకేసినా."

"కరెంటు పోయి ఫిల్టర్ ఆగిన రోజు ఏం తాగుతావప్పా? నీ ట్యాంకర్ లోదేనా?"

గిరీశ్ నవ్వేసి పోయాడు. దాసమ్మ నవ్వలేదు. ఏట్లో ట్యాంకర్లు పోయకూడదని తీర్మానం పెట్టమని పంచాయతీ అధ్యక్షురాలు సవిత చుట్టూ తిరిగి, చివరికి గ్రామసభ రోజు ఆ వాసన నీళ్ల బిందెను పగ్గంతో సహా చంకనెత్తుకుని పోయింది.

"దాసమ్మా, ఏట్లో నీళ్లే లేవే. ఎండిన ఏరు ఇంకేం గలీజవుతాది?" అంది సవిత.

"ట్యాంకర్ రాకుంటే మా గుంత నువ్వు తోడతావా?" వెనక నుంచి బోరున్న రైతు కొల్లప్ప అన్నాడు. అందరూ నవ్వారు.

"తోడొద్దన్నానా మామా? ఏట్లో పొయ్యొద్దంటా. ఏరు ఇసక కింద ఉండాది. నీ బోరు తాగేదీ దాన్నే."

"నీళ్లు పాడైనాయని ఎట్లా చెప్తావు?" సవిత అడిగింది.

దాసమ్మ ముడి విప్పి బిందెను నేల మీద పెట్టింది.

కాసేపటికి బిందె కదిలింది. ఏటి వైపున్న వాకిలికి కాదు, కుర్చీల మధ్యకి. దూడకు దారిచ్చినట్టు అందరూ కాళ్లు పైకి తీసుకున్నారు. అది పోయి పోయి చివరి వరసలో కూర్చున్న గిరీశ్ మోకాలికి ఆనుకుని నిలబడింది. అతను కాళ్లు వెనక్కి లాక్కున్నాడు. బిందె ఇంకొంచెం జరిగింది.

"ఏందిక్కా ఇది?"

"దానికి ఇల్లు లేకుండా చేసినావు. ఇంక నీ ఇంట్లోనే ఉంటాది. పెట్టుకో."

తీర్మానానికి ఒప్పుకునేవాళ్లను సవిత చేతులెత్తమంది. గిరీశ్ ఒక చేత్తో బిందె పట్టుకుని, రెండో చెయ్యి ఎత్తాడు.

అప్పట్నుంచి బిందె ట్యాంకర్లో అతని పక్క సీట్లో కూర్చునేది. శుద్ధి చేసే చోట లైన్లో నిలబడినంతసేపూ అతని చెయ్యి దాని మెడ మీదే ఉండేది. ఇంటికొస్తే మంచం పక్కన చేరేది.

వానలు పడ్డాయి. ఏరు పారలేదు గానీ, చెలమలో నీళ్లు తేటపడ్డాయి. ఒక పొద్దున దాసమ్మ ఇంట్లో కొత్త బిందెకు కట్టిన పగ్గం తీగలా బిగుసుకుంది. ఆమె దాన్ని వేలితో మీటి చూస్తుండగానే గిరీశ్ రొప్పుతూ వచ్చాడు. చంకలో బిందె పెనుగులాడుతోంది.

"గడప దాటి ఏటికి బయల్దేరిందక్కా! పగ్గం ఒకటుంటే ఇయ్యి."

"ముందు పోయి గుంజ దిగ్గొట్టు," అంది దాసమ్మ. "ముడి మరీ బిగించొద్దు. మెడ ఒరుసుకుంటాది."