ఎదురు సీటు

మైక్రో ఎకనామిక్స్ అనే పేపరు కనిపెట్టినవాడు ఎవడో గానీ, వాడు జన్మలో గుణుపూరు పాసింజరు ఎక్కలేదని హేమకి గట్టి నమ్మకం. ఎక్కినవాడైతే మనిషి తన కోరికలన్నీ వరసగా పేర్చుకుని, తీరిగ్గా ఆలోచించి ఎంచుకుంటాడని రాసుండడు. నౌపడలో ఆ బండి ఎక్కేవాళ్లెవరూ ఏదీ ఎంచుకోరు. ఎవరి గంప ముందు లోపల పడితే సీటు వాళ్లది, మిగిలినవాళ్లకి గుమ్మం.

హేమది నౌపడకి అవతల, సముద్రపొడ్డున పల్లె. డిగ్రీ దాకా తెలుగు మీడియంలో చదివి, ఎమ్మే ఎకనామిక్స్‌లో సీటు తెచ్చుకుంది. తండ్రి అసిరయ్య సముద్రం మీద చేపల వేటకెళ్లే మనిషి. పెద్దగా మాట్లాడడు. సీటొచ్చిన రోజున మాత్రం ఒక మాటన్నాడు. "ఈ ఒక్క ఏడూ సూస్తాను. పాసవుతా ఎల్తే సదువుకో. ఏడాది పోనాదంటే మాత్రం ఇంక సదువు మాట ఎత్తొద్దు." కోపంగా అని ఉంటే హేమ అంత భయపడేది కాదు. ఆయన అన్నం తింటూ, మామూలుగా అన్నాడు.

అన్ని పేపర్లూ ఎలాగో లాక్కొస్తోంది, ఈ మైక్రో ఒక్కటే కొరకరాని కొయ్య అయింది. రాష్ట్రాన్ని రెండు చేస్తున్నారని బందులు జరిగిన ఏడాది అది. క్లాసులు సగం రోడ్డు మీదే పోయాయి. బందులు ఆగాక, పోయిన పాఠాలన్నీ కలిపి కుక్కడం మొదలెట్టారు జగన్నాధం మాస్టారు. ఆయన పద్ధతి నోట్సు చెప్పడం. కామాలూ ఫుల్‌స్టాపులతో సహా ఇంగ్లీషులో గడగడా చదువుతారు. బొమ్మ దగ్గరికొచ్చేసరికి ఆగి, "డయాగ్రమ్ టెక్స్ట్‌బుక్కులో చూసుకోండి" అంటారు. మైక్రో అంటేనే బొమ్మలు. బొమ్మలు తీసేస్తే మిగిలేది గొంతు నొప్పి.

ఆ టెక్స్ట్‌బుక్కు చూద్దామంటే లైబ్రరీలో ఉన్నది ఒకటే. అది అద్దాల బీరువాలో ఉంటుంది, బీరువా తాళం ఎవరి దగ్గరుంటుందో ఎవరికీ తెలీదు. సొంతంగా కొన్నవాడు క్లాసు మొత్తానికి కళ్యాణ్ ఒక్కడే. పాతపట్నంలో రంగనాథంగారి కిరాణా కొట్టంటే తెలియనివాళ్లుండరు, ఆయన కొడుకు. విశాఖపట్నం వెళ్లి మరీ కొనుక్కొచ్చి, ఖాకీ అట్టేసి, అట్ట మీద ప్లాస్టిక్ కాగితం కూడా తొడిగాడు. జెరాక్సుకిమ్మంటే, "విప్పి నొక్కితే బైండింగ్ ఊడిపోతాది" అంటాడు. ఒక్క రోజుకి ఇమ్మంటే, మీ ఊళ్లో ఉప్పుగాలికి కాగితం మెత్తబడిపోతుందంటాడు. మనిషి చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఒక తిట్టు తిట్టి ఊరుకోవచ్చు. రైల్లో మాత్రం ఎంతసేపైనా చూసుకోమనేవాడు.

సరే, రైల్లోనే చూద్దామనుకుంది హేమ. కళ్యాణ్ పాతపట్నంలో ఎక్కి కిటికీ పక్కన కూర్చునేవాడు, ఎప్పుడూ ఇంజను వైపు మొహం పెట్టి. వెనక్కి తిరిగి కూర్చుంటే అతనికి వాంతి. హేమ నౌపడలో ఎక్కేది. మొదటి రోజు కళ్యాణ్ కాస్త జరిగి, పక్కన చోటు చూపించాడు. హేమ కూర్చోబోయి, తలెత్తి చూసేసరికి నడవకి అవతలి సీట్లో మేనత్త లక్ష్మణమ్మ ఉంది. ఎండుచేపల గంపలు సీటు కింద తోసి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, రెప్ప వెయ్యకుండా ఇటే చూస్తోంది.

ఆ బండిలో ఒక నియమం ఉంది. ఎవరూ చెప్పరు, అందరికీ తెలుసు. ఆడపిల్లా మగపిల్లాడూ ఎదురెదురుగా కూర్చుంటే చదువు. పక్కపక్కన కూర్చుంటే ఇంకేదో. ఆ ఇంకేదో అన్నది బండి కన్నా ముందు ఊరు చేరిపోతుంది. హేమ వెళ్లి ఎదురు సీట్లో కూర్చుంది. పుస్తకం కళ్యాణ్ ఒళ్లో, అతనికి తిన్నగా. ఆమెకి తలకిందులు.

కొంచెం తిప్పమంటే, తిప్పితే నాకు కళ్లు తిరుగుతాయన్నాడు. ఇంకేం చేస్తుంది. మొదట్లో మెడ నొప్పొచ్చింది. తర్వాత తర్వాత ఇంగ్లీషు అక్షరాలు తలకిందులుగానే చదవడం వచ్చేసింది. కళ్యాణ్ పేజీ తిప్పేలోగా ఆమె అట్టడుగు లైనుకి, అంటే తన లెక్కలో పైలైనుకి, వచ్చేసేది. పైగా చదివిందానికి అర్థం చెప్పాల్సింది కూడా ఆమే. కళ్యాణ్‌కి ఇంగ్లీషొచ్చు, విషయం రాదు. ముక్కు దగ్గర రుమాలు పెట్టుకునే వాక్యం మొత్తం చక్కగా చదివి, "అంటే ఏటి?" అని ఆమె మొహంలోకి చూసేవాడు. ఆ "అంటే ఏటి" విన్నప్పుడల్లా హేమకి ఆ పుస్తకం లాక్కుని కిటికీలోంచి విసిరెయ్యాలనిపించేది. అన్నిటికీ తోడు లక్ష్మణమ్మ చూపొకటి. దిగాల్సిన ఆమదాలవలస వచ్చేదాకా తిప్పేది కాదు. ఆ చూపు వీపు మీద గుచ్చుకుంటుంటే హేమ ఇంకాస్త బిర్రుగా కూర్చునేది.

మొదటి ఇంటర్నల్‌లో కొంప మునిగింది. మనిషికి ఒకే తృప్తినిచ్చే సరుకుల జతల్ని కలిపే గీత, ఇండిఫరెన్స్ కర్వు, గీసి వివరించమన్నారు. వివరణ హేమకి కంఠతా వచ్చు. గీత మాత్రం తలకిందులుగా చూసిందాన్ని మనసులో తిప్పుకుని గీయాలి. రోజూ తిప్పుకునేదే. ఆ రోజు కంగారులో, కంటికి ఎలా అలవాటైందో అలాగే చెయ్యి గీసేసింది. లోపలికి వంగాల్సిన గీత బయటికి పొంగింది.

జగన్నాధం మాస్టారు ఆ కాగితం పట్టుకుని క్లాసంతా తిరిగారు. "చూడండి, పూరీ పొంగినట్టు ఎలా పొంగిందో. ఈవిడగారి వినియోగదారుడు ఏ లోకంలో ఉంటాడో మరి" అన్నారు. అందరూ నవ్వారు. కళ్యాణ్ నవ్వలేదు గానీ, నవ్వకుండా ఉండడానికి పడిన కష్టం కనిపించింది. హేమకి ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఈ బొమ్మ ఒక్కసారి బోర్డు మీద గీసి చచ్చి ఉంటే తనకీ గతి పట్టేదా?

మార్కులు అడుగంటాయి. ఇక మిగిలింది సెమినార్. ఒక్కొక్కరూ ఒక టాపిక్ తీసుకుని, బయట నుంచి వచ్చే ఎగ్జామినర్ ముందు పాఠం చెప్పాలి. అందులోనూ మార్కులు రాకపోతే హాల్ టికెట్ ఇవ్వరు, హాల్ టికెట్ లేకపోతే ఏడాది పోయినట్టే. అసిరయ్య మాట హేమకి అన్నం ముద్ద ముద్దకీ గుర్తొచ్చేది.

టాపిక్కులు చీటీలు వేసి తీశారు. క్లాసులో అందరూ ఏ దేవుడికి మొక్కినా ఒక్కటే మొక్కారు, పెట్టె మాత్రం రాకూడదని. ఎవరో దొర పేరు మీద ఉన్న పెట్టె అది. చతురస్రం లాంటి బొమ్మ, అందులో ఉన్న సరుకు పంచుకునే ఇద్దరు మనుషులు. ఒకడి లెక్క కింద ఎడమ మూల నుంచి, రెండోవాడి లెక్క పైన కుడి మూల నుంచి. ఒకడి దగ్గర లేనిదంతా రెండోవాడి దగ్గర ఉన్నట్టు. ఆ గీతలన్నీ ఒకదాని మీద ఒకటి పడి, బాగుచెయ్యని వలలా ఉంటుంది పేజీ. హేమ చెయ్యి పెట్టి తీసింది. పెట్టే వచ్చింది.

మర్నాడు రైల్లో కళ్యాణ్ ఆ పేజీ తెరిచి, కాసేపు చూసి, మెడ అటు వంచి ఇటు వంచి, చివరికి విసుక్కున్నాడు.

"ఇదేటి హేమా, సగం గీతలు తిన్నగా ఉన్నాయి, సగం తలకిందులుగా ఉన్నాయి. ప్రింటింగ్ తప్పేమో."

"తలకిందులుగా ఉన్నవి ఏవి?"

"ఇవిగో, ఈ మూల నుంచి వచ్చినవి. రెండోవాడివి."

హేమ చూసింది. ఆమె వైపు నుంచి రెండోవాడివే తిన్నగా ఉన్నాయి. లోపలికి ఎలా వంగాలో అలా వంగి, ఏ వంకా లేకుండా. ఆ సెమిస్టర్ మొత్తంలో ఆ పుస్తకం తనవైపు తిరిగి కనిపించడం అదే మొదటిసారి.

"ప్రింటింగ్ తప్పేటీ లేదు" అంది. "మొదటోడివి నువ్వు. రెండోదాన్ని నేను. నువ్వు అటు కూర్సున్నావు, నేను ఇటు కూర్సున్నాను, మధ్యన పుస్తకం. అంతే కదా. దీనికింత రాద్ధాంతం దేనికి?"

"అంటే ఏటి?" అన్నాడు కళ్యాణ్.

సెమినార్ రోజున వచ్చిన ఎగ్జామినర్ కమలాదేవిగారు. కళ్లజోడు పైనుంచి చూస్తూ, పొద్దుట్నుంచీ అవే కంఠతా పాఠాలు విని విసిగిపోయి ఉన్నారు. హేమ బోర్డు దగ్గరికి వెళ్లలేదు. చార్టు మీద పెట్టె గీసుకొచ్చి, దాన్ని బల్ల మీద పరిచి, కళ్యాణ్‌ని పిలిచి అవతల నిలబెట్టి, తను ఇవతల నిలబడింది.

"ఏమిటమ్మా ఈ డ్రామా, బోర్డు మీద గీయి" అన్నారు జగన్నాధం మాస్టారు.

"బోర్డు మీద గీస్తే అందరం ఒకవైపు నుంచే చూస్తాం సార్. ఇందులో రెండు వైపులున్నాయి" అంది హేమ. కమలాదేవిగారు చేత్తో, కానివ్వమన్నట్టు సైగ చేశారు.

ఇక హేమ ఆగలేదు. అతనికి ఎక్కువైతే తనకెలా తక్కువవుతుందో, ఇద్దరి గీతలూ ఒకదానికొకటి ఎక్కడ తగులుతాయో, ఆ తగిలిన చోటు నుంచి ఎటు కదిలినా ఎవరో ఒకరు నష్టపోక తప్పదని, దాన్నే ఎఫిషియెంట్ అంటారని, వచ్చిన ఇంగ్లీషూ రాని ఇంగ్లీషూ కలిపి చెప్పుకుపోయింది. ఉదాహరణ చెప్పమంటే రైలు సంగతి చెప్పింది. పుస్తకం తిప్పితే అతనికి కళ్లు తిరుగుతాయి, తిప్పకపోతే తనకి తలకిందులు. వెనక బెంచీల్లో నవ్వులు మొదలయ్యాయి. జగన్నాధం మాస్టారి మొహం మారింది. పూరీ గీత ఎక్కడి నుంచి వచ్చిందో ఆయనకి అప్పుడు తెలిసినట్టుంది.

"అయితే మీరిద్దరూ కూర్చున్న తీరు ఎఫిషియెంటే అంటావు" అన్నారు కమలాదేవిగారు.

"అవును మేడమ్. అతనికి నష్టం లేకుండా నాకు లాభం చెయ్యడం కుదరదు."

"న్యాయమేనా?"

"కాదు మేడమ్."

"న్యాయం సిలబస్‌లో లేదమ్మా" అన్నారు జగన్నాధం మాస్టారు గబుక్కున.

కమలాదేవిగారు ఆయన వైపు చూడలేదు. "ఇద్దరికీ బాగుండే చోటు ఇంకొకటి లేదని నీకెలా తెలుసు? వెతికావా? ఎవరినైనా అడిగావా?"

హేమకి వీపు మీద గుచ్చుకునే చూపు గుర్తొచ్చింది. అది ఇక్కడ చెప్పే సంగతి కాదు. "అడగలేదు మేడమ్" అంది. ఆవిడ ఏదో రాసుకుని, కూర్చోమన్నారు.

సాయంత్రానికి నోటీసు బోర్డులో జాబితా పెట్టారు. హాల్ టికెట్టు ఇచ్చేవాళ్లలో హేమ పేరుంది. ఆమె ఆ పేరు చూసి, మళ్లీ చూసి, పక్కనున్న కళ్యాణ్ చేత కూడా చదివించుకుంది.

తిరుగు బండిలో లక్ష్మణమ్మ ఖాళీ గంపలతో ఎక్కింది. ఎప్పటిలాగే అవతలి సీట్లో కూర్చుని, హేమ మొహం చూసి, "ఏటే గుంటా, ఎలగయినాది?" అని అడిగింది. హేమ గట్టెక్కానంది. అక్కడితో ఆగితే పోయేది. ఆ రోజున్న ఊపులో, మొదటి పరీక్ష ఎందుకు పోయిందో కూడా చెప్పేసింది, తలకిందులు చదువు సంగతంతా.

లక్ష్మణమ్మ నోరు తెరుచుకుని విన్నది. "పుస్తకం ఒకటే అయినప్పుడు పక్కన కూర్సోవాల గానీ, ఎదురుగా కూర్సుంటే ఎలగ కనిపిస్తాదే? అంత సదువు సదివినావు, ఆ మాత్రం తెల్దేటి?"

హేమ తెల్లబోయింది. "నువ్వే కదా అత్తా, కళ్లప్పగించి సూస్తా కూర్సుండీదానివి."

"నిన్నెవుతె సూసినాది? ఆ షావుకారి బాబుని సూసినాను. నాను బండెక్కిన కాడ్నుంచి ముక్కుకి గుడ్డ ఎట్టుకుని కిటికీలోకి ఒదిగిపోతాడు. నా సేపల కంపు ఆడికి పడతన్నాదో లేదో, గంపలు అటు జరపాలో ఏటో అని సూత్తన్నాను. పాపం, శాకాహారం తినీ పిల్లడు." లక్ష్మణమ్మ గంప సర్దుకుంది. "ఒక్క పాలి నన్నడిగినావేటి?"

హేమకి నవ్వాలో, తల బాదుకోవాలో తెలియలేదు. అడగలేదు. సెమిస్టర్ మొత్తం మెడ విరగ్గొట్టుకుంది గానీ, క్లాసులో నవ్వులపాలైంది గానీ, చదువే పోయేదాకా తెచ్చుకుంది గానీ, నడవకి అవతలున్న మనిషిని ఒక్క మాట అడగలేదు. అడక్కుండానే లోకమంతా వద్దందని కూర్చుంది. ఇందాక అందరి ముందూ అది ఎఫిషియెంట్ అని పాఠం కూడా చెప్పొచ్చింది. తన మీద తనకే ఒళ్లు మండిపోయింది.

లేచి వెళ్లి కళ్యాణ్ పక్కన కూర్చుంది. అతను బెదిరిపోయి లక్ష్మణమ్మ వైపు చూశాడు. ఆవిడ అప్పటికే గంప మీద చెయ్యేసుకుని కునుకు తీస్తోంది.

"పుస్తకం తియ్యి" అంది హేమ.

"ఏ చాప్టరు?"

"మొదటి పేజీ. అన్నీ మళ్లీ సూడాల, తిన్నగా."